పరిచయ సంతకం ఎవరిది? దళిత కంపెనీలు, కరెంటు ఖాతా, కొంత చరిత్ర

కంపెనీ రిజిస్టరు చేయడం వేరు, ఆ కంపెనీ పేరున బ్యాంకులో ఖాతా తెరవడం వేరు. మొదటిదానికి చట్టం తలుపు తీసే ఉంచింది. రెండోదాని గుమ్మంలో మాత్రం ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆ మనిషి ఎవరు, అక్కడికి ఎలా వచ్చాడు, ఇప్పుడు ఎటు జరిగాడు అని వెతకడమే ఈ వ్యాసం పని. దళిత ఉద్యమం భూమి గురించి, చదువు గురించి, రిజర్వేషన్ల గురించి, ఆత్మగౌరవం గురించి విస్తారంగా చర్చించింది. చెక్కుబుక్కు గురించి చర్చించింది తక్కువ. మన పిల్లలు కాంట్రాక్టుల్లోకి, సప్లయిల్లోకి, చిన్న పరిశ్రమల్లోకి వస్తున్న ఈ కాలంలో ఆ చర్చ తప్పదు.

ముందు ఒక చిన్న విషయం స్పష్టం చేసుకోవాలి. చట్టం దృష్టిలో కంపెనీ ఒక వేరే వ్యక్తి. డైరెక్టరు సొంత సేవింగ్స్ ఖాతాలో కంపెనీ డబ్బు వేసుకోవడానికి వీల్లేదు. ప్రభుత్వ ఆఫీసు బిల్లు పాసు చేసి, కంపెనీ పేరున క్రాస్ చేసిన చెక్కు ఇస్తే, అది ఆ పేరున్న ఖాతాలోనే జమ కావాలి. కరెంటు ఖాతాకు వడ్డీ రాదు. కానీ రోజుకు ఎన్నిసార్లయినా వేయొచ్చు, తీయొచ్చు, ఓవర్‌డ్రాఫ్టు అడగొచ్చు. అంటే పని చేసినవాడి చేతికి కూలి అందే దారి అదే. ఖాతా లేకపోతే బిల్లు ఉన్నా లేనట్టే.

ఈ బ్యాంకులు ఎవరి కోసం పుట్టాయి? 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయాక, స్వదేశీ గాలిలో, 1907లో ఇండియన్ బ్యాంకు వచ్చింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు స్థాపించాడు. 1930లో బెంగుళూరులో వైశ్యా బ్యాంకు వచ్చింది, దాని పేరులోనే కులం ఉంది. వాటాలు కొనగలిగిందెవరు? వకీళ్లు, వర్తకులు, భూమి ఉన్న కుటుంబాలు. వాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు, చుట్టాలు. బ్యాంకు ‘నమ్మకం’ అన్న మాటకు మొదటి అర్థం ఇదే.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటుంది. తాటిచెట్లు ఎక్కే కులంగా అవమానాలు పడిన నాడార్లు 1921లో తూత్తుకుడిలో నాడార్ బ్యాంకు పెట్టుకున్నారు. 1962లో అది తమిళనాడ్ మర్కంటైల్ బ్యాంకు అయింది. వాళ్లకు అది ఎలా సాధ్యమైంది? నాడార్ వర్తకులు అంతకుముందు నుంచే తమ సరుకు మీద ‘మహమై’ అనే ఉమ్మడి నిధి వసూలు చేసుకుంటున్నారు. వ్యాపారంలో మిగులు ఉంది, ఆ మిగులును ఒకచోట కూడబెట్టే కుల సంస్థ ఉంది. మన దగ్గర ఏముంది? మాదిగలు చేసిన తోలు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కింది. కానీ ఆ వ్యాపారం, ఆ లెక్కలు, ఆ ఖాతాలు దళితేతర వర్తకుల చేతుల్లో ఉన్నాయి. నైపుణ్యం వాడలో ఉంది, మిగులు బజారులో ఉంది. దళితులు బ్యాంకు పెట్టుకోలేకపోవడాన్ని చొరవ లేకపోవడంగా చెప్పేవాళ్లు ఈ తేడాను దాచేస్తున్నారు.

చదువు ఉంటే చాలా? అంబేద్కర్ 1917లో విదేశీ చదువుల నుంచి తిరిగివచ్చి, బరోడా ఉద్యోగం వదిలి బొంబాయి చేరాక, షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెట్టాడు. ఆయన అంటరానివాడని తెలిసి ఖాతాదారులు తప్పుకున్నారు. 1923లో రూపాయి సమస్య మీద గ్రంథం అచ్చువేసిన మనిషికే ఇది జరిగింది. మిగతావాళ్ల సంగతి చెప్పాలా?

ఇక గుమ్మంలో నిలబడ్డ మనిషి దగ్గరికి వద్దాం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 131వ సెక్షన్ ఉంది. ఖాతాదారు కోసం చెక్కు వసూలు చేసిన బ్యాంకు మంచి నమ్మకంతో, నిర్లక్ష్యం లేకుండా చేసి ఉంటేనే ఆ సెక్షన్ రక్షణ దొరుకుతుంది. నిర్లక్ష్యం అంటే ఏమిటి? ఎవరి పరిచయమూ అడగకుండా కొత్తవాడికి ఖాతా తెరవడం నిర్లక్ష్యమే అని ఇంగ్లండులో 1914లో లాడ్‌బ్రోక్ కేసులో తేలింది. మన బ్యాంకులు కూడా ఆ దారే పట్టాయి. ఖాతా ఫారంలో ‘పరిచయకర్త’ అని ఒక గడి వచ్చింది. ఆ బ్యాంకులో ముందే ఖాతా ఉన్నవాడు అందులో సంతకం పెట్టాలి.

ఈ నియమంలో కులం అనే మాట ఎక్కడా లేదు. కానీ ఊళ్లో ఖాతా ఉన్నది ఎవరికి? మా నాన్న, ఆయనతోపాటు వాడలో మరికొందరు చెప్పులు కుట్టే సొసైటీ పెట్టుకున్నారు. రిజిస్ట్రేషను అయింది, సరుకు ఇచ్చారు, ఆఫీసు నుంచి క్రాస్ చేసిన చెక్కు వచ్చింది. బ్యాంకువాళ్లు పరిచయ సంతకం అడిగారు. ఊళ్లో ఎరువుల దుకాణం ఆయనకే ఆ శాఖలో ఖాతా ఉంది. “సంతకానిదేముంది, పెడతా. లెక్కలు మాత్రం నా దగ్గరుండాలె” అన్నాడట. సంతకం ఉచితం, లెక్కలు మాత్రం ఆయనవి. రెండేళ్లకు తోలు కొనేది ఆయన, రేటు కట్టేది ఆయన. సొసైటీ పేరు మటుకు మావాళ్లది. ఇట్లాంటి కథ చాలా వాడల్లో వినబడుతుంది.

1969లో 14, 1980లో 6 బ్యాంకులు జాతీయమయ్యాయి. శాఖలు పల్లెలకు వచ్చాయి. అది చిన్న మార్పు కాదు, కాదనకూడదు. కానీ బ్యాంకు ప్రభుత్వానిదైనా పరిచయకర్త గడి అట్లాగే ఉండిపోయింది. 2004లో రిజర్వు బ్యాంకు కె.వై.సి. నిబంధనలు వచ్చాక మనిషి పోయి కాగితం వచ్చింది. గుర్తింపు పత్రం, చిరునామా పత్రం ఉంటే చాలు.

మనిషి నిజంగా పోయాడా? 2013 కంపెనీల చట్టం ప్రకారం కంపెనీకి రిజిస్టర్డ్ ఆఫీసు ఉండాలి. అది అద్దె ఇల్లయితే కరెంటు బిల్లుతోపాటు ఇంటి యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలి. పట్నంలో పేరు అడిగి, ఊరు అడిగి, చివరికి ఏమిట్లని అడిగి ఇల్లు లేదనే ఓనరు, కంపెనీ బోర్డు తగిలించడానికి సంతకం పెడతాడా? ఎరువుల దుకాణం ఆయన జాగాలోకి ఇంటి ఓనరు వచ్చాడు.

రెండో జాగా ఇంకా లోపలుంది. 2012 కొనుగోలు విధానంలో కేంద్ర సంస్థలు ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి 4 శాతం కొనాలన్నారు. 2016లో స్టాండప్ ఇండియా పథకం 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ప్రకటించి, కంపెనీ అయితే 51 శాతం వాటా ఎస్సీ, ఎస్టీలది లేదా మహిళలది కావాలంది. వాటా కాగితం మీద ఉంటుంది. డబ్బు మాత్రం ఖాతాలో ఉంటుంది. ఖాతా మీద సంతకం ఎవరిదో డైరెక్టర్ల తీర్మానం చెబుతుంది. మనవాడికి 51 శాతం రాసి, చెక్కు మీద సంతకం వేరేవాడికి ఒక్కడికే ఇస్తే, దాన్నే బినామీ అంటారు. కాబట్టి ఏ పథకాన్నయినా పరిశీలించే కార్యకర్తలు వాటా శాతంతో ఆగకూడదు. ఆ తీర్మానం అడిగి చదవాలి.

ఖాతా ఎంచుకునే మన యువకులకు కూడా ఈ చరిత్ర కొన్ని సంగతులు చెబుతుంది. కనీస నిల్వ ఎంత, చార్జీలు ఎంత అని చూడటం అవసరమే. అంతకన్నా ముందు రేపు ఆ శాఖ అప్పు ఇస్తుందా అని చూడాలి. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, ఒక బ్యాంకులో క్యాష్ క్రెడిట్ తీసుకున్నవాళ్లు ఇంకోచోట ఇష్టమొచ్చినట్టు కరెంటు ఖాతా తెరవకుండా కట్టడి చేసింది. మరుసటి ఏడాది చిన్న రుణగ్రహీతలకు సడలించింది. ఖాతా, అప్పు ఒకే తాడుకు రెండు కొసలని దీన్నిబట్టి తెలుస్తుంది. చిన్న పరిశ్రమకు 10 లక్షల దాకా తాకట్టు అడగొద్దని 2010లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ మాట మేనేజరుకు గుర్తు చేయడానికి ఒక్కరు పోతే సరిపోదు, సంఘంగా పోవాలి. సంతకం సంగతి మొదటి రోజే తేల్చుకోవాలి. జాయింటుగా పెట్టినా సరే, మన సంతకం లేకుండా ఒక్క చెక్కు కూడా చెల్లకూడదు.

బ్యాంకుల చరిత్రలు స్థాపకుల ఫొటోలతో, శాఖల సంఖ్యలతో అచ్చవుతూనే ఉన్నాయి. పాత ఖాతా ఫారాల్లో పరిచయకర్త గడిలో ఏ ఇంటి పేర్లు ఉన్నాయో, ఎవరి దరఖాస్తులు ఆ గడి ఖాళీగా ఉండి వెనక్కి వెళ్లాయో ఆ పుస్తకాలు రాయవు. వాడలో సొసైటీ పెట్టి నష్టపోయిన పెద్దలు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసుకోవడం మన పరిశోధక విద్యార్థుల పని. ఆలస్యం చేస్తే ఆ లెక్కలు కూడా వేరేవాళ్ల దగ్గరే ఉండిపోతాయి.