కోట దుమ్ము, నల్ల బానెట్

తెల్లవారి ఆరు దాటింది. కోట ఊళ్లో గూడూరు రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డులో మీరున్నారు. ఎండ రేకుల మీదికి ఎక్కకముందే పాలిష్ పని మొదలుపెట్టాలని మేస్త్రి రాత్రే చెప్పాడు. ఇప్పుడు ట్యూబులైట్లు ఆపేసి, మీ చేతికి ఎల్‌ఈడీ టార్చి ఇచ్చాడు. ఎదురుగా నల్ల కారు. ఏపీ 26 నంబరు, అంటే 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 రాకముందు నెల్లూరులో రిజిస్టరైన బండి. నిన్న రోడ్డు మీద చూసినప్పుడు బాగానే కనిపించింది. టార్చి బానెట్ మీదికి తిప్పగానే వెలుగు చుట్టూ సాలెగూడు. టార్చి పక్కకు జరిపితే గూడు కూడా దాని వెంటే వస్తోంది.

"గీతలు గుండ్రంగా ఏం లేవు సార్. అడ్డదిడ్డంగా ఎట్టబడితే అట్టా ఉంటాయి. లైటుకు అడ్డంగా ఉండేవే మెరుస్తాయి. అందుకే చుట్టూ తిరిగినట్టు అగపడతాయి" అంటాడు మేస్త్రి.

గోరుతో మెల్లగా గీరి చూడమంటాడు. గోరు జారిపోతోంది, ఎక్కడా తగలడం లేదు. అంటే గీతలు పైపైనే ఉన్నాయి. డోరు హ్యాండిల్ కింద ఒకచోట మాత్రం గోరు ఠక్కున ఆగింది. "దాని జోలికి పోబాకండి. అది మిషనుతో పోయే గీత కాదు."

ఇన్ని గీతలు ఎలా పడ్డాయో తెలియాలంటే షెడ్డు ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు. ఇసుక లారీ ఒకటి టార్పాలిన్ అంచులు కొట్టుకుంటూ పోతుంది, వెనకాలే తెల్లటి దుమ్ము లేస్తుంది. కోట, చిల్లకూరు మండలాల తీరమంతా సిలికా ఇసుక. గాజు ఫ్యాక్టరీలకు ముడిసరుకు ఇదే. ఇందులో ఉండేది క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దాని స్థానం 7. వంటింటి చాకు ఉక్కు కూడా దానికంటే మెత్తన. ఆ దుమ్ము రాత్రంతా కారు మీద పడి ఉంటుంది. పొద్దున్నే ఎవరో ఒకరు పాత బనీను గుడ్డ తీసుకుని శుభ్రంగా తుడుస్తారు. ఇక్కడి కార్ల మీది గీతల్లో చాలావాటికి కారణం ఆ తుడుపే.

ముందు కారు కడగాలి. వట్టి నీళ్లు గట్టిగా కొట్టి దుమ్ము దించాక షాంపూ, మళ్లీ నీళ్లు. సముద్రం దగ్గరయ్యే కొద్దీ బోరు నీళ్లు ఉప్పగా మారతాయి, అవి ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి. అందుకే ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి నీళ్లు అద్దిస్తాడు. తర్వాత పల్చటి పాలిథిన్ కవరులో చెయ్యి పెట్టి బానెట్ మీద నిమరమంటాడు. వట్టి చేతికి నున్నగా తగిలిన రేకు కవరులోంచి గరగరమంటోంది. కడిగినా వదలకుండా పెయింటును కరుచుకున్న మురికి అది. నురగనీళ్లు చల్లి, క్లే బార్ ముద్దను వేళ్ల కింద పెట్టి ఒత్తకుండా జార్చుతారు. మొదట్లో ముద్ద పట్టి పట్టి కదులుతుంది. కాసేపటికి చప్పుడే లేకుండా జారుతుంది. తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు మురికి. దాన్ని మడిచి, మళ్లీ పిసికి, కొత్త ముఖం పైకి తెచ్చి పక్క జాగాకు వెళ్లాలి.

మాస్కింగ్ టేపుతో రబ్బరు బీడింగులు, లోగో, బానెట్ అంచులు మూసేశారు. ఇప్పుడు మందం కొలిచే మీటరు. బానెట్ మీద 118, 122, 120 మైక్రాన్లు. ఎడమ డోరు మీద 260 చూపిస్తోంది, అంటే అక్కడ ఒకసారి పెయింటు కొట్టించారన్నమాట. రేకు మీద తుప్పు పట్టనివ్వని పూత, దానిపైన ప్రైమరు, రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్. మీరు ఈ రోజు ముట్టుకునేది ఆ ఆఖరి పొరనొక్కదాన్నే. మామూలుగా దాని మందం 40, 50 మైక్రాన్లు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతన్నమాట.

పాలిష్ అనగానే ఏదో పూసి మెరిపించడం అనుకుంటాం. పూతతో గీత పూడదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొర అరిగితేనే కనిపించకుండా పోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపి రంగును కాపాడేది కూడా ఆ పొరే. మెరుపు కోసం ఖర్చుపెడుతున్నది దాన్నే, మళ్లీ పెరిగేది కాదు.

గోడకు వేలాడుతున్న బరువైన మిషను రోటరీ. ఉన్ని ప్యాడుతో ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. టింకరింగ్ షెడ్లన్నిట్లో దానిదే రాజ్యం. గీత తొందరగా తీస్తుంది, అంతే తొందరగా వేడెక్కిస్తుంది. చెయ్యి కుదరని వాళ్లు పడితే అంచుల్లో పెయింటు కాలుతుంది, ఎండలో వంకీల నీడలు మిగులుతాయి. మీ చేతికిచ్చింది డ్యూయల్ యాక్షన్. ప్యాడు తన చుట్టూ తాను తిరుగుతూనే, ఇరుసు నుంచి పక్కకు ఒరిగి ఊగుతుంది కూడా. వేడి తక్కువ, నేర్చుకునేవాళ్లకు ప్రమాదమూ తక్కువ.

ప్యాడు వెనక ప్లేటు అంచున మేస్త్రి మార్కరుతో ఒక గీత గీశాడు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మొదట మెత్తటి ఫోమ్ ప్యాడు, నున్నటి పాలిష్. వాటితో పని కాకపోతేనే కోసే కాంపౌండుకు పోవాలి. బానెట్ మీద రెండడుగుల చదరం ఎంచుకున్నారు. ప్యాడు మీద నాలుగు చుక్కలు, ఒక్కోటీ శనగ గింజంత. ప్యాడును రేకుకు ఆనించాకే స్విచ్చి వేయాలి, గాల్లో వేస్తే పాలిష్ అంతా మీ చొక్కా మీదే. తక్కువ స్పీడులో చదరమంతా పులిమి, 4కు పెంచారు. మోచేతుల దాకా అదురు. నిలువుగా వెళ్తున్నారు, ప్రతి వరసా ముందు వరసను సగం కప్పుతూ. నిలువు అయ్యాక అడ్డం.

గీతలు త్వరగా పోవాలని చెయ్యి దానంతటదే బరువు వేస్తుంది.

"ఒత్తబాకండి. మార్కరు గీత చూడండి."

గీత ఆగిపోయింది. మిషను చప్పుడు చేస్తూనే ఉంది, ప్యాడు మాత్రం తిరగకుండా ఊరికే వణుకుతోంది. బరువు తగ్గించగానే గీత మళ్లీ చుట్టూ పరుగందుకుంది. ఆ గీత కదులుతున్నంతసేపే గీతలు తగ్గుతాయి. "నిమ్మళంగా పోనీండి. సెకనుకు అంగుళం చాలు." వంపు దగ్గర ప్యాడు అంచు పైకెత్తమంటాడు. మడతలు, అంచుల మీద పెయింటు పల్చగా ఉంటుంది, అరిగితే ముందు అక్కడే అడుగు పొర బయటపడుతుంది. బంపరు ప్లాస్టిక్, వేడి పక్కకు పాకదు కాబట్టి అక్కడ ఇంకా తేలిక చెయ్యి కావాలి.

తెల్లటి పాలిష్ కరిగి పారదర్శకంగా మారింది. ఆపి, ముంజేతి వెనకవైపు ఆనించి చూశారు, గోరువెచ్చగా ఉంది. మైక్రోఫైబర్‌తో తుడిస్తే అద్దం. మేస్త్రి మాత్రం నమ్మడు. పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి కాసేపు వాటిని దాచేస్తుంది. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి తుడిచాకే టార్చి వేయించాడు. చదరంలో వెలుగు ఒక్క చుక్కగా నిలిచింది. చదరం అవతల మాత్రం సాలెగూడు అలాగే ఉంది.

నలుపు అనుకున్న రంగులో ఇప్పుడు సన్నటి మెరుపు రజను కనిపిస్తోంది. పెర్ల్ పెయింట్లలో అభ్రకం రేణువులకు టైటానియం డయాక్సైడ్ పూత వేసి కలుపుతారు. గూడూరు అభ్రకం ఒకప్పుడు ఓడలెక్కి దేశాలు దాటింది. మెరిపించే ఖనిజమూ, గీసే ఖనిజమూ రెండూ ఈ నేలకు తెలిసినవే.

ఎండ రేకుల మీదికి వచ్చేసింది. వేడెక్కిన బానెట్ మీద పాలిష్ వెంటనే ఎండి తెల్లపొడి రాలుతోంది. ప్యాడును బ్రష్షుతో దులిపి మేస్త్రి పని ఆపించాడు. మిగిలిన కారు సాయంత్రం.

చివర్లో వ్యాక్స్ వేయించుకున్నా, సిరామిక్ కోటింగ్ చేయించుకున్నా మురికి తేలిగ్గా వదులుతుంది, కడగడం సులువవుతుంది. పొడి సిలికాను రుద్దితే మాత్రం గీత పడకుండా ఆ రెండూ ఆపలేవు. మిషను పట్టడం శ్రద్ధ ఉన్న ఎవరికైనా వస్తుంది, కానీ క్లియర్ కోట్ ఎన్నోసార్లు అరగదీయడానికి సరిపోదు. రెండు బక్కెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. పైనుంచి కిందికి రండి, చక్రాలకు వేరే గుడ్డ వాడండి. పొద్దున్నే పొడిగుడ్డతో కారు దగ్గరికి వెళ్లే అలవాటు మాత్రం ఈ రోజే మానేయండి. ముందు నీళ్లు, తర్వాతే గుడ్డ.