పైన్ బోన్సాయ్

పైన్ బోన్సాయ్ అనగా పైన్ జాతి వృక్షాన్ని లోతు తక్కువ గల కుండీలో, కొమ్మలను, వేళ్ళను అదుపు చేస్తూ, పెద్ద చెట్టు రూపం వచ్చేటట్లు పెంచిన చిన్న చెట్టు. బోన్సాయ్‌లను తెలుగులో వామన వృక్షాలు, మరుగుజ్జు చెట్లు అని కూడా అంటారు. పైన్‌లలో చాలా రకాలు చల్లని ప్రాంతాలకు చెందినవి. కాబట్టి ఖమ్మం, భద్రాచలం వంటి వేడి ప్రాంతాలలో కొత్తగా కొన్న చెట్టు మొదటి వేసవిలోనే చనిపోయే ప్రమాదం ఉంది. వేళ్ళు చనిపోయిన తరువాత కూడా పైన్ ఆకులు కొన్ని వారాల పాటు పచ్చగానే కనిపిస్తాయి. అందుచేత ఆకుల రంగును నమ్ముకోకుండా వేళ్ళను కాపాడుకోవడమే దీని సంరక్షణలో ముఖ్య సూత్రం.

నేపథ్యం

జపాను భాషలో 'బోన్' అనగా పళ్ళెం వంటి కుండీ, 'సాయ్' అనగా నాటడం. ఈ కళకు మూలం చైనాలోని 'పెన్‌జింగ్'. జపానులో ఇది ప్రత్యేక కళగా అభివృద్ధి చెందింది. సరిగా పోషిస్తే పైన్ బోన్సాయ్ కొన్ని వందల సంవత్సరాలు జీవిస్తుంది. 1625 నుండి పెంపకంలో ఉన్న ఒక తెల్ల పైన్ 1945లో హిరోషిమాపై జరిగిన అణుబాంబు దాడిని తట్టుకొని బ్రతికింది. దీనిని 1976లో అమెరికాకు బహూకరించారు. వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో దీనిని పెంచుతున్నారు.

రకాలు, గుర్తింపు

బోన్సాయ్‌గా ఎక్కువగా పెంచేవి జపాను నల్ల పైన్ (పైనస్ థన్‌బెర్గి), జపాను తెల్ల పైన్ (పైనస్ పార్విఫ్లోరా). సముద్రతీర వృక్షమైన నల్ల పైన్ వేడిని కొంతవరకు ఓర్చుకుంటుంది. తెల్ల పైన్‌కు చలికాలపు విశ్రాంతి అవసరం. భారతదేశంలో హిమాలయాలలో చిర్ పైన్ (సరళ వృక్షం), ఈశాన్య రాష్ట్రాలలో ఖాసీ పైన్ సహజంగా పెరుగుతాయి. దక్షిణ భారతంలో పైన్ సహజంగా పెరగదు. ఆంధ్రప్రదేశ్‌లోని అరకు ప్రాంతపు కొండలపై ఉన్న పైన్ వనాలు నాటి పెంచినవే.

కొనే ముందు మొక్క నిజంగా పైన్ అవునో కాదో చూడాలి. పైన్ ఆకులు సూదుల వలె ఉండి, రకాన్ని బట్టి రెండు, మూడు లేదా అయిదు చొప్పున ఒకే మొదలు నుండి గుత్తిగా వస్తాయి. పైన్‌ను పోలి ఉండే సర్వి (సరుగుడు) చెట్టుకు సూదుల వలె కనిపించేవి ఆకులు కావు, కణుపులు గల సన్నని రెమ్మలు. వాటిని లాగితే కణుపు వద్ద విడిపోతాయి.

స్థానిక వాతావరణం

భద్రాచలం 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో ఉండి, తరువాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఈ ప్రాంతంలో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. కొన్ని రోజులలో 45 డిగ్రీల వరకు చేరుతుంది. ఇక్కడి అడవులలోని టేకు, తునికి వంటి చెట్లు ఆకులు రాల్చి ఎండాకాలపు నీటి ఎద్దడిని తట్టుకుంటాయి. పైన్‌కు ఆ వెసులుబాటు లేదు. లోతు తక్కువ కుండీలో దాని వేళ్ళు త్వరగా వేడెక్కుతాయి. వర్షాకాలంలో ఇందుకు విరుద్ధంగా నీరు నిలిచి వేళ్ళు కుళ్ళే ప్రమాదం ఉంటుంది.

తొలి సంవత్సరం సంరక్షణ

కొన్న వెంటనే కుండీ మార్చడం, కొమ్మలు కత్తిరించడం, తీగ చుట్టడం చేయరాదు. మొదట కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడాలి. అలంకారానికి మట్టిపై గులకరాళ్ళు అంటించి ఉంటే నెమ్మదిగా తీసివేయాలి. పాత తీగ బెరడులోకి దిగుతుంటే విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తొలగించాలి.

* వెలుతురు: పైన్ ఇంటిలోపల పెరిగే మొక్క కాదు. దీనిని ఎప్పుడూ ఆరుబయటే ఉంచాలి. మార్చి నుండి జూన్ వరకు ఉదయపు ఎండ తగలనిచ్చి, మధ్యాహ్నం షేడ్ నెట్ కింద ఉంచాలి. కుండీని డాబా గచ్చు మీద నేరుగా పెట్టక, చెక్క బల్లపై పెట్టాలి.
* నీరు: రోజుకు ఇన్నిసార్లు అనే నియమం లేదు. సన్నని పుల్లను మట్టిలో రెండు సెంటీమీటర్ల లోతుకు గుచ్చి తీసి చూడాలి. తడి అంటితే ఆగాలి, కొద్దిగా పొడిబారితే అడుగు రంధ్రాల నుండి కారేవరకు పోయాలి. వేసవిలో ఈ పరీక్ష ఉదయం, సాయంత్రం చేయాలి. పళ్ళెంలో నీరు నిలవరాదు.
* వర్షాకాలం: కుండీ ఒక వైపు కింద ఇటుక ముక్క పెట్టి వాలుగా ఉంచితే అదనపు నీరు త్వరగా దిగిపోతుంది. ముసురు పట్టిన రోజులలో పారదర్శకమైన కప్పు కింద ఉంచవచ్చు.
* ఎరువు: కొత్త చిగుళ్ళు ఆరోగ్యంగా వస్తున్నప్పుడు మాత్రమే వేపపిండి, వర్మీకంపోస్టు కొద్దిగా వేయాలి. నీరసించిన చెట్టుకు ఎరువు వేయరాదు.
* పురుగులు: పొడి వేడిలో ఎర్రనల్లి ఆశిస్తుంది. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తడితే కదిలే చుక్కలుగా కనిపిస్తుంది. ఆకులపై నీటిని గట్టిగా చిమ్మి, అవసరమైతే వేపనూనె ద్రావణం చల్లాలి.

మట్టి, కుండీ మార్పు

నర్సరీ మొక్కలు తరచుగా బంకమట్టి ముద్దతో వస్తాయి. నీరు సులభంగా దిగడానికి జల్లించిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక రెండేసి పాళ్ళు, ఆకుల ఎరువు ఒక పాలు కలిపి వాడవచ్చు. ఈ ప్రాంతంలో కుండీ మార్చడానికి కొత్త చిగురు రాకముందు, డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. ఒకేసారి మూడవ వంతుకు మించి వేళ్ళు తీయరాదు. వేళ్ళ చుట్టూ తెల్లని బూజు కనిపిస్తే అది సాధారణంగా చెట్టుకు నీరు, పోషకాలు అందించే మేలు శిలీంధ్రమే కాబట్టి పూర్తిగా కడిగివేయరాదు.

కత్తిరింపులో మరొక జాగ్రత్త అవసరం. పచ్చని ఆకులు ఏమీ మిగలకుండా కత్తిరించిన పైన్ కొమ్మ సాధారణంగా మళ్ళీ చిగురించదు.

అడవి మొక్కల సేకరణ

బోన్సాయ్ కోసం అడవి నుండి పాత మొక్కలను తవ్వి తెచ్చే అలవాటు కొన్ని దేశాలలో ఉంది. తెలంగాణలో రిజర్వు అడవుల నుండి అనుమతి లేకుండా మొక్కలు తీయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. కిన్నెరసాని వంటి అభయారణ్యాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది.

ప్రత్యామ్నాయాలు

మొదటిసారి పెంచేవారికి ఈ వాతావరణంలో జువ్వి, రావి, మర్రి, చింత, కాగితం పూల చెట్టు అనుకూలమైనవి. ఇవి నీటి లోపాన్ని ఆకులు వాల్చి వెంటనే తెలుపుతాయి, కత్తిరించిన చోట సులభంగా చిగురిస్తాయి. పైన్ రూపమే కావాలనుకునేవారికి తెలుగు తీరప్రాంతాలలో విరివిగా పెంచే సర్వి తగినది. వీటితో రెండు మూడు వేసవులు గడిపి నీటి అంచనా తెలిసిన తరువాత పైన్‌ను పెంచితే అది బ్రతికే అవకాశం ఎక్కువ.