జనగణమనకు వాద్యరూపము - హెర్బర్ట్ మరిల్

జనగణమన పూర్తిగా పాడుటకు పట్టు కాలము సుమారు 52 సెకనులు. ఆ గీతము వినబడగనే కవీంద్రుడు రవీంద్రనాథుని పేరు ఎల్లరకును స్ఫురించును. దానిని పాశ్చాత్య వాద్యబృందమునకు అనువుగా కూర్చిన ఆంగ్లేయుడు హెర్బర్ట్ మరిల్ పేరు మాత్రము సంగీతజ్ఞులలో సయితము కొలదిమందికే తెలియును. ఆయన కృషిని పరిశీలింపబూనిన వారిని మొదట మన మదనపల్లెకే కొనిపోవుట తెలుగువారికి ముచ్చట గొల్పు విషయము.

ఈ గీతమును 1911 డిసెంబరు 27 న కలకత్తా కాంగ్రెసు మహాసభలో తొలిసారి పాడిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా విచ్చేసెను. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతశాస్త్రమున పట్టము పొందిన విదుషి. రవీంద్రుని గానమును ఆధారము చేసికొని ఆమె ఆ పాటకు స్వరలిపి సిద్ధపరచెను. ఫిబ్రవరి 28 న కవి అచ్చటనే గీతమును ఆంగ్లములోనికి అనువదించెను. బాణీ కట్టినది మార్గరెట్టే యని కొందరందురు. కాని ఏడేండ్లకు పూర్వమే సభలో పాడబడిన గీతమును గూర్చి అట్లనుట చెల్లదు. పాట కవిది, దానిని కాగితముపై నిలిపిన పుణ్యము ఆమెది.

స్వాతంత్ర్యానంతరము మరియొక అవసరము కలిగెను. 1947 లో న్యూయార్కున ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ జరిగినపుడు మన ప్రతినిధులను జాతీయగీత మేదని యడిగిరి. వారు జనగణమన గ్రామఫోను రికార్డు నిచ్చిరి. వాద్యబృందము దానిని అభ్యసించి వాయింపగా మిక్కిలి మెప్పు లభించెనని 1948 ఆగస్టు 25 న నెహ్రూ రాజ్యాంగసభకు తెలిపెను. నెహ్రూ కోరికపైననే మరిల్ ఈ గీతమునకు వాద్యరూపమును కూర్చెను.

ఇది సులభమైన పని కాదు. మన సంగీతము ఒకే స్వరధారగా ప్రవహించును. పాశ్చాత్య వాద్యబృందమున తంత్రులు, పిల్లనగ్రోవులు, కొమ్ములు వేర్వేరు స్వరములను ఒకేమారు పలుకును. ఆ స్వరముల కూర్పులో మూలమైన బాణీ మునిగిపోరాదు. దాని దేశీయత చెడరాదు. కూర్చినవాని చేయి కనబడకుండుటయే అందలి నేర్పు.

మరిల్ 1909 మే 11 న లండనులో జన్మించెను. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లోను, ఆక్స్‌ఫర్డులోని వూస్టరు కళాశాలలోను చదివెను. 1933 నుండి ఆ అకాడమీలోనే స్వరరచన బోధించెను. 1936 లో బి.బి.సి. ఉద్యోగి యయ్యెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున శత్రువుల రహస్యలిపులను ఛేదించు బ్లెచ్లీ పార్కులో పనిచేసెను. 1950 లో బి.బి.సి. సంగీతశాఖ కధిపతి యయ్యెను. 1952 జూలై 25 న నలుబది మూడేండ్ల వయస్సులోనే మరణించెను.

ఆయన రచనలు కొలదియే. ఆడెన్ కవి నాటకములకు సంగీతము, చెల్లో వాద్యమునకు రెండు కన్చర్టోలు, ఆర్గనుకై 'కారిలాన్' అను రచన వానిలో ముఖ్యమైనవి. ఆయన కూర్చిన సాయంప్రార్థన గీతములు ఇంగ్లండు చర్చీలలో నేటికిని వినబడును. ఇతరుల రచనలను ప్రసారమున కెక్కించు ఉద్యోగములో పగళ్లు గడచినవి. స్వంత రచనకు మిగిలిన కాలము స్వల్పము. ఆయుర్దాయ మంతకన్న స్వల్పము. కచ్చేరీ కొలువు చేయుచు తీరిక వేళల కళను ఉపాసించు ఉద్యోగులకు ఈ జీవితము అపరిచితమైనది కాదు.

రాజ్యాంగసభ 1950 జనవరి 24 న జనగణమనను జాతీయగీతముగా ప్రకటించెను. ఆ గౌరవమున అగ్రస్థానము కవిదే. స్వరలిపి వ్రాసిన మార్గరెట్‌కును, వాద్యరూపమిచ్చిన మరిల్‌కును ఎవరి భాగము వారికి చెందవలెను. ఉన్నదానికన్న ఎక్కువ యిచ్చినను, తక్కువ యిచ్చినను చరిత్రకు అపచారమే.

1959 ఫిబ్రవరి 4 న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన భిలాయిలో ఈ మాటను విడమరచి చెప్ప నక్కరలేదు. ఇచ్చట తయారైన పట్టాలపై దేశమంతటను రైళ్లు నడచుచున్నవి. ఆ ఉక్కును కాచి సాగదీసిన వారి పేర్లను ప్రయాణికు డెరుగడు. ఎవరో ఒకరు ఎరిగి, వ్రాసి యుంచుట మాత్రము ధర్మము.