జమాబందీ పరిచయాలు

ఈ మధ్యనే ఉద్యోగంలో చేరిన మా మనుమడు, "పైకి రావాలంటే నెట్‌వర్కింగ్ ఉండాలి తాతయ్యా" అన్నాడు. మా రోజుల్లో ఆ మాట లేదు గాని ఆ పని ఉండేది. రెవిన్యూ శాఖ వారికి అది జమాబందీలో జరిగేది.

పాత తాలూకా కచేరీల్లో పనిచేసిన పెన్షనరు సోదరులకు ఇది తెలిసిందే. వారి పిల్లల కోసం చెబుతున్నాను. ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఆ ఏటి గ్రామ లెక్కలు తనిఖీ చేసి శిస్తు తేల్చడమే జమాబందీ. కరణాలు అడంగళ్లు, చిఠాలు గుడ్డ మూటల్లో కట్టుకుని వచ్చేవారు. రోజుల తరబడి పక్కపక్కన కూర్చుని లెక్కలు సరిచూసేవాళ్లం.

1973లో గుమాస్తాగా చేరిన నాకు పని నేర్పింది ఒక పెద్ద కరణం గారు. ఏ సర్వే నంబరు ఎప్పుడు సబ్ డివిజన్ అయిందో, ఏది పోరంబోకో నోటితో చెప్పేవారు. "కాగితం కంటే ముందు పొలం చూడు అబ్బాయ్" అనేవారు. కరణాలంతా అలాంటివారని అనను. వంశపారంపర్యపు హోదాతో రైతులను ఏడిపించినవారూ ఉన్నారు.

1984 జనవరిలో ఆర్డినెన్సు వచ్చి మునసబు, కరణం, పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. నిన్నటి దాకా చేతులు కట్టుకున్నవారే వీధిలో మొహం తిప్పుకున్నారు. నేనూ ఏడాది పైగా ఆ కరణం గారి గడప తొక్కలేదు. ఇక పనేముందిలే అనుకున్నాను.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రికార్డుల పంపకంలో ఒక వితంతువు 80 సెంట్ల భూమి అడంగల్ నకలులో వేరొకరి పేర పడింది. పాత కాగితం ఎక్కడుందో మాకెవరికీ తెలియలేదు. సిగ్గు విడిచి ఆయన దగ్గరకే వెళ్లాను. ఒక్క మాట దెప్పలేదు. మజ్జిగ ఇప్పించి, చేతికర్ర తీసుకుని పొలానికి వచ్చి సరిహద్దు రాయి చూపించారు. సబ్ డివిజన్ జరిగిన ఫసలీ చెప్పారు. ఆ కట్ట వెతికితే కాగితం దొరికింది, ఆమె పేరు నిలిచింది. నేను క్షమించమంటే, "పదవి పోయింది గాని ఊరు పోలేదుగా నాయనా" అన్నారు.

ఆ తరువాత ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి సంక్రాంతికీ వెళ్లి వచ్చాను. పని ఉండి కాదు.

పదవులు వస్తుంటాయి, పోతుంటాయి. 2020లో తెలంగాణలో వి.ఆర్.ఓ. పోస్టులూ రద్దయ్యాయి. మనమందరం కుర్చీ దిగి వచ్చినవాళ్లమే. మన సంఘంలో మీటింగులకు రాలేక ఇంటికే పరిమితమైన సోదరులున్నారు. ఈ నెలలో ఒక్కరింటికైనా వెళ్లి రండి. మా మనుమడికీ అదే చెప్పాను: పని లేనప్పుడు కూడా వెళ్లు నాయనా, పరిచయం నిలిచేది అప్పుడే.