మైనపు సిలిండర్లలో అనటోలియా

1936 నవంబరులో హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ దక్షిణ టర్కీలోని అదానా ప్రాంతంలో ఊరూరా తిరిగాడు. వెంట ఒక ఫోనోగ్రాఫు, మైనపు సిలిండర్లు. తోడుగా యువ స్వరకర్త అహ్మద్ అద్నాన్ సైగున్. ఉస్మానియేలో 70 ఏళ్ల వృద్ధుడొకరు గొంతెత్తగానే బార్టోక్ నివ్వెరపోయాడు. వినిపించింది అచ్చంగా తన దేశపు పాత పల్లెపాట బాణీలాగే ఉంది. పాట వెంట పాటగా యూరుక్ సంచార గొర్రెల కాపరుల గుడారాల దాకా వెళ్లాడు. పరాయి మగవాళ్ల ముందు పాడటానికి స్త్రీలు జంకడం మాత్రం ఆయనకు తీరని లోటుగా మిగిలింది.

ఆ ప్రయాణం వెనుక రాజకీయమూ ఉంది. పల్లె బాణీకి పాశ్చాత్య స్వరసమ్మేళనం జోడిస్తే జాతీయ సంగీతం పుడుతుందని జియా గోకాల్ప్ 1923లో ప్రతిపాదించాడు. కొత్త రిపబ్లిక్ ఆ మాటను విధానంగా స్వీకరించింది. ఒట్టోమన్ సంప్రదాయ సంగీతాన్ని 1934లో రేడియో నుంచి తొలగించారు. 1936 దాకా అది వినిపించలేదు. పల్లెపాటకు గౌరవం దక్కింది గాని, పరాయి దుస్తులు తొడుక్కోవాలన్న షరతు మీద దక్కింది.

ఆ దుస్తులు దానికి అమరవు. అనటోలియా గాయకుడు పలికే కొన్ని స్వరాలు పియానో మెట్ల సందుల్లో ఉంటాయి. లయ కూడా సమంగా నడవదు. తొమ్మిది మాత్రలు 2+2+2+3గా విరుగుతాయి. దాని పేరే ‘అక్సక్’, అంటే కుంటినడక. బాణీని తెచ్చి దాని కింద తీగలు మీటినంత మాత్రాన ఆ జీవం నిలవదనీ, దాని వ్యాకరణాన్నే ఒంటబట్టించుకోవాలనీ బార్టోక్ రచనలు చూపాయి. సైగున్ నడిచిందీ ఆ దారినే. మధ్యయుగపు సూఫీ కవి పదాలతో ఆయన కూర్చిన ‘యూనుస్ ఎమ్రే’ ఒరటోరియో 1946లో అంకారాలో తొలిసారి వినిపించింది.

బార్టోక్ అప్పటికి లేడు. ఐరోపాను యుద్ధం కమ్ముకుంటున్నప్పుడు టర్కీలోనే పనిచేసుకుంటూ ఉండిపోవాలని ఆశపడ్డాడు, అది నెరవేరలేదు. 1940లో అమెరికాకు వలసపోయి, 1945లో న్యూయార్కులో ల్యుకేమియాతో కన్నుమూశాడు. టర్కీ పాటల మీద ఆయన రాసిన పుస్తకం 1976 దాకా అచ్చు చూడలేదు.

1997లో ఫాజిల్ సాయ్ ‘కరా తొప్రాక్’ రచించాడు. మశూచితో చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్న జానపద కవి ఆషిక్ వేసెల్ పాట దానికి మూలం. అందులో పియానిస్టు ఒక చేత్తో వాద్యం లోపలి తీగలను అదిమిపట్టి, రెండో చేత్తో మెట్లు నొక్కుతాడు. అప్పుడు పియానో పల్లెటూరి సాజ్‌లా పలుకుతుంది. ఒకప్పుడు పాటను పియానోకు తగ్గట్టు మలచబోయారు. ఇక్కడ పియానోయే పాట కోసం తన గొంతు మార్చుకుంది.