గోదావరిఖని భూగర్భ గనులు: పైకప్పు నిలకడ

రామగుండం, గోదావరిఖని ప్రాంతపు బొగ్గు ప్రాణహిత–గోదావరి లోయలో, పెర్మియన్ కాలపు బరాకర్ శిలల్లో ఉంది. ఒకదాని కింద ఒకటిగా వాలుగా సాగే బొగ్గు పొరల మధ్య ఇసుకరాయి, షేల్, బంకమట్టి పట్టీలు ఉంటాయి. పల్చని షేల్, బంకమట్టి గాలి తగిలి, నీటికి నాని పెచ్చులుగా ఊడిపడతాయి. దళసరి ఇసుకరాయి తీరు వేరు. కింద బొగ్గు తీసేసినా అది చాలాసేపు వేలాడుతూ, తన బరువంతా పక్కన వదిలిన బొగ్గు పిల్లర్ల (స్తంభాల) మీదకు నెట్టి, ఆఖరుకు ఒక్కసారిగా విరుగుతుంది. అప్పుడు పుట్టే గాలి తాకిడికి మనుషులు ఎగిరిపడతారు. పిల్లర్లు తీసేశాక మిగిలే ఖాళీ గోఫ్. అక్కడ కప్పు కూలితే భయం లేదు, కూలకపోతేనే భయం.

1889లో ఇల్లందు వద్ద తవ్వకం మొదలైనప్పటి నుంచీ సింగరేణి గనుల్లో చాలాకాలం సాగింది, దారులు తవ్వి మధ్యలో బొగ్గు పిల్లర్లు వదిలే బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతే. 1960లలో గోదావరిఖని ఇంక్లైన్లు (వాలు దారి గనులు) విస్తరించినప్పుడూ అదే. కప్పుకు ఆసరా కర్ర. టింబర్‌మన్ దిమ్మెలు నిలిపేవాడు, పని పర్యవేక్షించే సర్దార్ కప్పును తట్టి చూసేవాడు. గట్టి బండ ఖంగుమంటుంది, పొర విడిపోయిన బండ డొల్లగా మోగుతుంది. విరిగేముందు కర్ర కిర్రుమని హెచ్చరిస్తుంది. ఇనుముకు ఆ గుణం తక్కువ.

తర్వాత రూఫ్ బోల్టులు వచ్చాయి. కప్పులోకి రంధ్రం వేసి, ఇనుప కడ్డీని సిమెంటుతోనో రెజిన్‌తోనో బిగించి విడి పొరలను ఒక్కటిగా కట్టేస్తారు. ఎన్ని బోల్టులు, ఎంత దూరంలో అన్నది తేల్చడానికి ధన్‌బాద్ పరిశోధకులు 1987లో కప్పుకు మార్కులిచ్చే పద్ధతి రూపొందించారు. నూటికి పొరల మందానికి 30, పగుళ్లూ జారుళ్లకు 25, నాని చెదిరే గుణానికి 20, రాతి బలానికి 15, నీటి ఊటకు 10. రాయి గట్టిదైతే చాలన్న నమ్మకానికి ఇందులో దక్కిన వాటా స్వల్పమే.

2003 సింగరేణికి చేదు సంవత్సరం. జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది పోయారు. అక్టోబర్ 16న 8ఎ ఇంక్లైన్‌లో కప్పు కూలి 10 మంది మరణించారు.

1980లలో చేపట్టిన లాంగ్‌వాల్ పద్ధతిలో హైడ్రాలిక్ షీల్డులు కప్పును మోస్తూ ముందుకు జరుగుతాయి, వెనక కప్పు కూలిపోతుంది. 2014లో రామగుండం ప్రాంతపు అడ్రియాల గనిలో ఈ పద్ధతి భారీ యంత్రాలతో మొదలైంది. అదే గనిలో 2022 మార్చి 7న కప్పు కూలి ముగ్గురు మరణించారు. వారిలో ఒకరు ఏరియా భద్రతాధికారి.