రాక్షసి బొగ్గులో ఆకు

ఆమధ్య సెలవురోజున కాప్రా నుంచి పిల్లల్ని వెంటేసుకుని నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్లాను. గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం ముందునుంచి వాళ్లని కదిలించడం నా తరం కాలేదు.

"అమ్మా, యింత జంతువు ఏం తిని బతికింది?" అంది మా చిన్నది.

"ఆకులూ అలములూ" అన్నాను.

"మరి ఆ ఆకులేవీ?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే, ఆ జంతువుకన్నా పాత ఆకొకటి మనకి దగ్గర చుట్టమేనని తేలింది. ఒకప్పుడు సికిందరాబాదు స్టేషన్లో రైలింజన్ల కడుపులో మండిన సింగరేణి రాక్షసి బొగ్గు వుందే, అది పాతిక కోట్ల ఏళ్లు దాటిన అడవి! ఆ అడవుల్లో ముఖ్యమైన చెట్టు గ్లోసాప్టెరిస్. దాని ఆకు నాలుకలా వుంటుంది. ఇండియా, ఆస్ట్రేలియాల్లో దొరికిన శిలాజాలు చూసి 1828లో బ్రాంన్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికా పేరు పెట్టాడు.

1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ కెప్టెన్ స్కాట్ బృందం ఆకలికీ చలికీ ప్రాణాలొదిలింది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకి అక్కడ సుమారు 16 కిలోల రాళ్లు కనిపించాయి. అడుగు తీసి అడుగు వెయ్యలేని స్థితిలో కూడా ఆ బరువుని పారెయ్యలేదు వాళ్లు! ఆ రాళ్లని లండన్ నాచురల్ హిస్టరీ మ్యూజియం భద్రపరిచింది. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ సీవార్డ్ పరీక్షించి, వాటిలో వున్నది అదే ఆకని 1914లో ప్రకటించాడు. మంచుగడ్డల దేశంలో మన బొగ్గుగనుల ఆకేమిటి? ఈ నేలలన్నీ ఒకనాడు ఒకే ఖండమన్న వాదానికి అది గట్టి సాక్ష్యమయింది.

ఆ సీవార్డ్ శిష్యుడే మన బీర్బల్ సాహ్ని. శిలాజ వృక్షాల పరిశోధనకి లక్నోలో ఒక సంస్థ పెట్టారు. 1949 ఏప్రిల్ 3న నెహ్రూగారు పునాదిరాయి వేశారు. శిలాజాలు పొదిగిన రాయి అది. వారం తిరిగేసరికి సాహ్ని కన్నుమూశారు.

పురాణంలో సావిత్రి యముడి వెంటపడి భర్తని దక్కించుకుంది. సాహ్నిగారి భార్య పేరూ సావిత్రే. ఆవిడ భర్త కలని దక్కించుకుంది. సంస్థ భారం నెత్తినేసుకుంది. 1953 జనవరిలో కొత్త భవనం తలుపులు తెరుచుకున్నాయి. ఆ సంస్థ మ్యూజియం యిప్పటికీ రాతి ఆకుల్ని దాస్తూనే వుంది.

"ఎప్పటికైనా పనికొస్తుంది" అని మనం అటకమీద దాచేవాటిని చూసి యింట్లో నవ్వుతారు కదా! ఎవరో దాచబట్టే ఆ ఆకు ఖండాల కథ చెప్పగలిగింది.

మొన్న చిన్నది కాప్రా చెరువుగట్టు నుంచి ఒక రాయి తెచ్చింది. మన గ్రానైటు రాళ్లలో ఆకులుండవని నాకు తెలుసు. అయినా పారెయ్యలేదు. తులసికోట పక్కన పెట్టాను.